కిందివీధిలో మా సిమ్ము

2004 ఎండాకాలం. ఇన్‌కమింగ్ కాల్స్‌కు డబ్బులు పడని రోజులు అప్పుడప్పుడే వచ్చాయి. సెల్లు మోజు పట్నాలు దాటి పల్లెల్లోకి పాకుతోంది. నేను ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు మొబైల్ కంపెనీకి సేల్స్ ఎగ్జిక్యూటివ్‌ని. పొద్దున జమ్మలమడుగు, మధ్యాహ్నం పులివెందుల, సాయంత్రానికి మళ్లీ ప్రొద్దుటూరు. బండి సీటు మీద తప్ప ఎక్కడా కుదురుగా కూర్చున్న గుర్తు లేదు. గంటగంటకూ మా మేనేజరు ఫోను చేసి "ఎన్ని యాక్టివేషన్లు?" అని ప్రాణం తీసేవాడు. యాక్టివేషన్ అంటే అమ్మిన సిమ్ము పనిచేయడం మొదలుపెట్టడం. నా ఉద్యోగమూ, నా నిద్రా దాని మీదే.

జమ్మలమడుగు దగ్గర ఒక ఊరు ఉంది. పేరు వద్దులెండి. ఫ్యాక్షన్ ఊరు. పైవీధి ఒక పార్టీ, కిందివీధి ఇంకో పార్టీ. టీ అంగళ్లు రెండు, మంగలి షాపులు రెండు, చివరికి బస్సు ఆగే చోట్లు కూడా రెండు. మా కంపెనీ పైవీధి పెద్దాయన మిద్దె మీద టవరు పెట్టింది. ఊళ్లో అంత ఎత్తు మిద్దె మరొకటి లేదు, కాపలాకు మనుషులూ ఉంటారు, ఇంకేం కావాలి అనుకున్నాం. మూడు నెలలు తిరక్కముందే పోటీ కంపెనీ వచ్చి కిందివీధి నాయకుడి కళ్లంలో తన టవరు లేపింది. ఇంకేముంది, సిమ్ములకూ పార్టీలొచ్చాయి. మాది పైవీధిది, వాళ్లది కిందివీధిది. జేబులో సిమ్ము చూస్తే మనిషి ఎవరివాడో తెలిసిపోయేది.

కిందివీధిలో బట్టలు కుట్టే ఖైరూన్ అనే ఆమె ఒకరోజు ప్రొద్దుటూరులో మా అంగడికి వచ్చింది. భర్త కువైట్‌లో డ్రైవరు.

"అన్నా, మా ఇల్లు గుట్టెనక పల్లంలో ఉండాది. మా వీధి టవరు సిగ్నలు ఆడికి రాదు. మా అక్క వచ్చినప్పుడు సూసినాను, మీది నిండుగా వస్తాంది. మా ఇంటాయన శుక్రవారం శుక్రవారం ఫోను చేసినా కలవదు. బిడ్డ పుట్టినాక దాని గొంతు ఒక్కసారన్నా ఇనలే."

సిమ్ము ఇచ్చాను. ఒక యాక్టివేషన్ అయిందని సంబరపడ్డాను కూడా. ఆ సిమ్ము ఏ వీధికి పోతోందో తెలిసీ పట్టించుకోలేదు.

నెలాఖరున టవరు చూడ్డానికి పైవీధికి వెళ్తే పెద్దాయన నన్ను ఎత్తిపొడిచాడు.

"ఏమబ్బీ, మీ కంపెనీ శానా ఎనకబడిందంట గదా! నా మిద్దె అనవసరంగా ఇచ్చినానా?"

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "ఎవురన్నారు పెద్దయ్యా? కిందివీధిలో కూడా మన సిమ్ములు పోతాండాయి."

"అట్లనా! ఎవురికబ్బీ?"

నా పాడు నోరు ఊరుకుందా? పేరు చెప్పేశాను. ఆయన పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

మర్నాడే పైవీధి వాళ్లు బస్సు దగ్గర నిలబడి, ఖైరూన్ పేరెత్తి, కిందివీధి ఆడవాళ్లకు కూడా మా టవరే దిక్కని అరిచారట. ఆ మధ్యాహ్నమే కిందివీధి మనుషులు ఖైరూన్ ఇంటికి పోయి ఆమె సెల్లును రోలు మీద పెట్టి బండతో కొట్టారు. ఆ తర్వాత ఒక్కరూ ఆమెకు రవిక గుడ్డ ఇవ్వలేదు. ఈ సంగతి నాకు పది రోజులకు తెలిసింది. బండేసుకుని పోయాను. ఖాళీ మిషను ముందు బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఇంకో సెల్లు నేనిస్తానమ్మా," అన్నాను.

"సెల్లు ఇస్తావు లేన్నా. వీధిలో నన్ను నమ్మేటట్ల చేస్తావా? నా పేరు చెప్పి నువ్వేం బాగుపడినావు? రెండు శుక్రవారాలు పాయె. ఆయన ఆడ ఏమనుకుంటాండాడో ఏమో!"

అట్నుంచి అటే ప్రొద్దుటూరు వచ్చి పోటీ కంపెనీ సేల్స్ వాడిని పట్టుకున్నాను. అంగళ్ల దగ్గర బోర్డుల కోసం కొట్టుకునేవాళ్లమే గానీ, రోజూ టీ మాత్రం కలిసే తాగేవాళ్లం.

"మీ యాంటెన్నా ఒకటి గుట్ట పక్కకు తిప్పించప్పా. ఆడ నా కస్టమర్ ఒకామె ఉండాది, ఆమెకు మీ సిమ్ము ఇయ్యి."

"ఏందప్పా, నీ కస్టమర్‌ను నువ్వే నాకిస్తాండావు! మతి పోయిందా?"

"పోయింది. తిప్పిస్తావా లేదా?"

జరిగిందంతా చెప్పాక వాడు నవ్వు ఆపాడు. వారం రోజులు వాడి వెంటపడ్డాను. రోడ్డు వైపు చూస్తున్న యాంటెన్నాను వాళ్ల ఇంజనీరు వచ్చి పల్లం వైపు తిప్పాడు. సిమ్మును వాడు ఆమె ఇంట్లో ఇవ్వలేదు. కిందివీధి టీ అంగడి ముందు, పదిమంది చూస్తుండగా, నేను కొనిచ్చిన కొత్త సెల్లులో వేసి ఆమె చేతిలో పెట్టాడు. మెల్లగా ఒకటీ అరా రవికలు రావడం మొదలైంది.

మా రిపోర్టులో ఆమె పాత నెంబరు 'చర్న్' కింద పడింది. అంటే, మనల్ని వదిలి పోయిన కస్టమర్ అని. "ఎవరి నిర్వాకం ఇది?" అని మేనేజరు ఎగిరాడు. "నాదే సార్," అన్నాను. తిట్టాడు, పడ్డాను.

మేము అమ్మేది సిగ్నల్ అనుకునేవాణ్ణి. ఎవరు ఎవరితో మాట్లాడాలనుకుంటున్నారో తెలిసినవాడి నోరు ఎంత ప్రమాదమో నాకు ఈ ఒక్క సిమ్ముతో తెలిసొచ్చింది. ఆ తర్వాత ఏ కస్టమర్ పేరూ ఇంకొకరి గడపలో ఎత్తలేదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం పులివెందుల బస్టాండులో ఉండగా పోటీ కంపెనీ నెంబరు నుంచి ఫోను వచ్చింది.

"అన్నా, ఖైరూన్‌ను. ఇప్పుడే మాట్లాడినాడు. బిడ్డ నవ్వు ఇని ఏడ్చినాడన్నా."

"సంతోషమమ్మా," అన్నాను.

"ఈ నెంబరు ఎవురికీ చెప్పొద్దు," అని పెట్టేసింది.