కుంటు దాచిన మూడేళ్లు

తొంభైల చివర గుంతకల్లు రైల్వేలో నాకు ఉద్యోగం తెచ్చిపెట్టింది నా కాళ్లే. యాడికి అనే ఊరి దగ్గర మా పల్లెలో, వేరుశనగ చేల గట్ల మీద పరుగెత్తి నేర్చిన కాళ్లు. ఐదు వేల మీటర్ల పందెంలో గెలిచాను కాబట్టి స్పోర్ట్స్ కోటాలో తీసుకున్నారు. ఏటా పోటీల్లో పరుగెత్తాలన్నది షరతు.

రెండో ఏడు కుడి మోకాలు వాచింది. చెబితే ఉద్యోగం పోతుందని భయం. నిజంగా పోతుందా అని ఎవరినీ అడగలేదు. అడిగితే ఎందుకడిగావంటారు. గుడ్డ బిగించి కట్టి, పైన ప్యాంటు వేసుకుని పరుగెత్తాను.

ఆ తర్వాత వానలు లేక చేను ఎండిపోయి, నాయన నా క్వార్టర్‌కు వచ్చేశాడు. రోజూ పొద్దున గ్రౌండు మెట్ల మీద కూర్చుని చూసేవాడు. ఇక ఇంట్లో కూడా కుంటడానికి లేదు.

కోచ్ గదిలో పాత పత్రికలోంచి కత్తిరించిన బొమ్మ ఒకటి ఉండేది. మన తాతల కాలపు ఫ్రెంచి ఆటగాడు. నాదీ ఆయనదీ ఒకే పందెం.

"ఒలింపిక్స్‌లో ఒక్క అడుగు తేడాతో బంగారు పతకం పోగొట్టుకున్యాడప్పా. రెండేండ్లకే యుద్ధానికి పోయి, ఇరవై ఐదేండ్లకు ఆడనే సచ్చిపాయ" అనేవాడు కోచ్.

అందరూ అయ్యో అనేవారు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నాకు మాత్రం అసూయ పుట్టేది. కాళ్లు బాగున్నప్పుడే ఆయన పరుగు ముగిసిపోయింది.

ఒక పొద్దున ఆరో రౌండులో మోకాలు పట్టేసి పడిపోయాను. నాయన వచ్చి గుడ్డ విప్పాడు.

"ఎన్నాళ్లనుంచి?"

"మూడేండ్లు."

"తెలుసులేరా. మెట్లెక్కేటప్పుడు ఎప్పుడూ ఎడమకాలే ముందు పెడతాండావు. నువ్వే చెప్తావని చూస్తాండా."

"చెప్తే ఉద్యోగం పోతాది నాయనా."

"పోనీ. ఎద్దు కుంటితే కాడి దించుతాం. నీకెవురు దించల్ల?"

ఆయనే వెళ్లి కోచ్‌కు చెప్పాడు. ఉద్యోగం పోలేదు. డాక్టరు పరుగు మానెయ్యమన్నాడు, పార్శిల్ ఆఫీసులో కుర్చీ ఇచ్చారు. ముందే అడిగి ఉంటే మోకాలు మిగిలేదేమో.

తొలకరికి నాయన ఊరికి వెళ్లిపోయాడు. నాకప్పటికి ఇరవై ఆరేళ్లు. పొద్దున తొమ్మిదికి ఆ కుర్చీలో కూర్చుంటే సాయంత్రం దాకా లేచే పనుండేది కాదు.