ఎడమ పక్క పడిన పువ్వు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏ పెద్ద పనికైనా మొదట మాట అడిగేది మనుషుల్ని కాదు, కొండమీది గంగమ్మను. చౌడేపల్లె దగ్గర మా పల్లె. పెళ్ళి సంబంధమైనా, బావి తవ్వకమైనా, ఆవును అమ్మడమైనా మా అవ్వ కొండెక్కి పువ్వు అడిగి రావలసిందే. పూజారి ఒక పువ్వును తడిపి అమ్మవారి తలమీద పెడతాడు. మనం మనసులో మాట చెప్పుకొని ఎదురుగా కూర్చోవాలి. పువ్వు అమ్మవారి కుడి పక్కకు జారితే సరేనని, ఎడమ పక్కకు జారితే వద్దని. ఇక దానిమీద అప్పీలు లేదు. మా తాతకు ఇవేవీ పట్టేవి కావు. "గాలి యాపక్క తోలితే ఆపక్క పడతాది" అని నవ్వేవాడు. అవ్వ చెంపలు వేసుకొని, ఆయన తప్పు కూడా కాయమని అమ్మవారికి మొక్కుకొనేది.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా అమ్మకు దగ్గు పట్టుకుంది. కషాయాలు తాగింది, తాయెత్తు కట్టించుకుంది, తగ్గలేదు. ఒకరోజు దగ్గులో రక్తం పడింది. పుంగనూరు డాక్టరు చూసి టీబీ అన్నాడు. మదనపల్లె పక్కనున్న క్షయ ఆసుపత్రిలో వెంటనే చేర్చమన్నాడు, ఆలస్యం చేస్తే మనిషి దక్కదని మా నాయనకు మొహంమీదే చెప్పేశాడు. అప్పటినుంచి అమ్మ మంచం వసారాలోకి మారింది. నన్ను దగ్గరికి పోనిచ్చేవాళ్ళు కాదు. అమ్మ అక్కడినుంచే నన్ను చూసి నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చేది.

ఆసుపత్రి అనగానే అవ్వ అడ్డం తిరిగింది. "ఆడికి పోయినోళ్ళు నడిసి ఇంటికొచ్చింది ఎవురన్నా సూసినారా?" అంది. మా అవ్వ చెడ్డ మనిషి కాదు, కోడలంటే ప్రాణం పెట్టేది. కానీ ఆమె సొంత చెల్లెలు అదే ఆసుపత్రికి పోయి తిరిగి రాలేదు. ఆ భయం ఆమె ఎముకల్లోకి దిగిపోయింది. మా నాయనేమో తల్లి గీసిన గీత దాటే రకం కాదు. చివరికి గంగమ్మ సరేనంటే పంపుతానని అవ్వ ఒప్పుకుంది. ఎన్నడూ గుడి గడప తొక్కని తాత, ఆ రోజు తానూ వస్తానన్నాడు. నేను అమ్మ కోసం ఏడ్చి పేచీ పెడుతుంటే నన్నూ వెంట తీసుకుపోయారు.

పూజారి పువ్వు పెట్టాడు. అది కదల్లేదు. మా వెనక వాళ్ళు సణుగుతున్నా అది ఉన్నచోటే ఉంది. నా గుండె దడదడలాడుతోంది. మొదట్లో నేను పువ్వునే చూస్తూ ఉన్నాను, కుడి పక్కకు పడు, కుడి పక్కకు పడు అని. చూసి చూసి కళ్ళు నొప్పెట్టి, అమ్మవారి మొహం వైపు చూశాను. అంతే. అప్పుడు జరిగింది ఈనాటికీ నేను సరిగా చెప్పలేను. వీపుమీద ఎవరో చెయ్యి వేసినట్టయింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. గుండె దడ ఆగిపోయింది. మీ అమ్మకేమీ కాదు అని ఎవరూ చెప్పలేదు. ఏమైనా సరే, నేను ఒంటరిదాన్ని కాదని మాత్రం తెలిసిపోయింది. ఎంత హాయిగా ఉండిందో! అప్పటికి పువ్వు ఇంకా తలమీదే ఉంది.

తరువాత అది జారింది, ఎడమ పక్కకు. అవ్వ కుప్పకూలిపోయింది. తాత మాత్రం గట్టిగా, "సూడే, మన కుడి పక్కకే కదా పడింది! మనకు ఇచ్చేది మన కుడి సేతికే కదా ఇస్తారు?" అన్నాడు.

"సాలించు నీ లాయరు మాటలు. ఆయమ్మ దగ్గర కూడానా?" అని అవ్వ ఏడుస్తూనే కసిరింది.

తాత దిక్కుతోచక నా వైపు తిరిగాడు. నేను ఏడవకుండా కూర్చోవడం చూసి ఆశ్చర్యపోయాడు. "ఏమ్మా, నీకు బయం లేదా?" అని అడిగాడు.

"పోయింది తాతా. పువ్వు పడకముందే పోయింది" అన్నాను.

తాత అవ్వ పక్కన చతికిలబడ్డాడు. "ఇన్నావా? నీకు పువ్వుతో సెప్పింది, బిడ్డకు బయపడొద్దని నేరుగా సెప్పింది. ఏది పెద్ద మాట?" అన్నాడు. అవ్వ నా మొహం రెండు చేతుల్లోకి తీసుకొని చాలాసేపు చూసింది. ఏం కనిపించిందో ఏమో, కళ్ళు తుడుచుకొని లేచింది. మర్నాడే నాయన అమ్మను మదనపల్లె బస్సెక్కించాడు.

మళ్ళీ వేరుశనగ చేలల్లో చెనక్కాయలు పీకే కాలానికి అమ్మ నడిచి ఇంటికొచ్చింది. ఆమెను బతికించింది మందులే, ఆ మాట నేనెప్పుడూ కాదనను. తాత ఊరుకుంటాడా! "ఆయమ్మ వద్దనింది కదే" అని అవ్వను ఉడికించాడు. "బిడ్డకు సెప్పేసినాక మళ్ళా నాకు యాల సెప్తాది?" అని అవ్వ ఎదురు చెప్పింది. కొన్నేళ్ళ తరువాత తాత నాతో ఒంటరిగా అన్నాడు. "ఆపొద్దు నేను మీ అవ్వను ఒప్పించేదానికే అట్ల అనింది. కానీ నీ మొగం సూసినాక నాకూ అనుమానం పట్టుకునిందమ్మా, దేవుడు ఉండాడేమోనని." ఆ అనుమానంతోనే ఆయన మంగళవారాలు కొండెక్కడం మొదలుపెట్టాడు. అంతవరకు వాదించి ఆయన్ను ఎవరూ గుడికి తీసుకుపోలేకపోయారు.

ఇప్పుడు నేను కుప్పంలో కూతురి దగ్గర ఉంటున్నాను. కాలేజీ చదివే మనవడు ఈ కథ విని, "అవ్వా, అదంతా మెదడు చేసే పని" అంటాడు. "ఉండనీ నాయనా. ఆకలి కూడా కడుపు చేసే పనే. అంతమాత్రాన అన్నం లేదంటావా?" అంటాను. వాడు నవ్వుతాడు. నేను మాత్రం నవ్వులాటకు అనను.

ఎందుకంటే మా అమ్మ ముసలిదై మంచం పట్టినప్పుడు ఆమె చెయ్యి పట్టుకొని కూర్చున్నది నేనే. ఈసారి ఏ మందూ పనిచేయదని, అమ్మ ఇక లేచి రాదని తెలుసు. నేను ఏ కోరికా కోరలేదు. అయినా కొండమీద నా దగ్గరికి వచ్చిన ఆ ధైర్యమే మళ్ళీ వచ్చి నా పక్కన కూర్చుంది. అమ్మ పోయేదాకా ఉంది. అమ్మ పోయాక కూడా లేచి పోలేదు.