వంటింటి కిటికీ రబ్బరు

వీధిలో ఆమెను అందరూ మిషనమ్మ అంటారు. వంటింటి కిటికీ పక్కన కుట్టుమిషను వేసుకుని దిండు గలీబులు, పరదాలు కుడుతుంది. భర్త సిటీబస్సు డ్రైవరు. అద్దె ఇంట్లో ఉన్నప్పుడు వీధి మలుపు దగ్గరి నుంచే "ఏమేవ్, తలుపు తియ్యి" అని కేకేసేవాడు. "ఆ బస్సుకి హారను చెడిపోయినా పరవాలేదు, డ్రైవరున్నాడుగా" అని ఇరుగుపొరుగు నవ్వుకునేవారు. ఆమెకు తల కొట్టేసినట్టుండేది.

సొంతిల్లు వెతుక్కునేటప్పుడు ఈ ఇల్లు ఇద్దరికీ నచ్చింది. కారణాలే వేరు. మందమైన గోడలు, రెండు పొరల అద్దాల కిటికీలు, వాటి చుట్టూ గాలి దూరకుండా రబ్బరు పట్టీ. చలికైనా ఎండకైనా కరెంటు పెద్దగా కాలదు. అలాంటి ఇంటికి బ్యాంకు వడ్డీ తగ్గిస్తుంది కాబట్టి అప్పు తీర్చగలమని ఆయన ధీమా. ఆమెకు మాత్రం కిటికీ వేయగానే వీధి గోల టక్కున ఆగిపోవడం నచ్చింది.

"ఇక మీ కేకలు నాకు వినపడవు" అంది.

"అయితే కొనేద్దాం. నాకూ గొంతు మిగులుతుంది" అన్నాడాయన.

ఏడాది తిరక్కుండానే, ఒక మధ్యాహ్నం ఆయన పెరట్లో కుప్పకూలిపోయాడు. లోపల ఆమె పెరటి వైపున్న వంటింటి కిటికీ మూసుకుని మిషను తొక్కుతూనే ఉంది. వెనకింటాయన గోడ దూకి వచ్చి తలుపు బాదాడు. "అంతసేపటి నుంచి పిలుస్తున్నాడమ్మా మిమ్మల్ని. మా మేడ మీదికి వినపడింది" అన్నాడు. ఆ మాట ఆమె కడుపులోనే దాచుకుంది. అడిగినవాళ్లకల్లా, నోట మాట లేకుండా పోయాడనే చెప్పింది.

వడ్డీ తగ్గింపు ఖాయం కావాలంటే బ్యాంకు ఇంజనీరు వచ్చి ఇల్లు పరీక్షించాలి. భర్త తాలూకు పింఛను, ఆమె కుట్టుకూలి కలిపితే తగ్గించిన వాయిదాకే బొటాబొటీగా సరిపోతాయి. పరీక్ష తప్పితే ఇల్లు అమ్ముకోవడమే. అప్పుకు హామీ సంతకం పెట్టిన ఆడపడుచు ఆ రోజు సెలవు పెట్టి మరీ వచ్చింది.

ఇంజనీరు వీధి గుమ్మానికి గుడ్డ బిగించి, దాని మధ్యలో పెద్ద ఫ్యాను పెట్టాడు. "ఇది ఇంట్లో గాలిని బయటికి లాగేస్తుందమ్మా. ఎక్కడ సందుంటే అక్కణ్ణుంచి బయటి గాలి లోపలికి దూరుతుంది" అన్నాడు.

ఫ్యాను తిరిగీ తిరగ్గానే వంటింట్లోంచి ఈల వినిపించింది. ఆయన వెళ్లి కిటికీ అంచు చేత్తో తడిమి చూశాడు.

"ఇక్కడి రబ్బరేదీ?"

"ఎలకలు కొరికాయి" అంది మిషనమ్మ, తలెత్తకుండా.

"కత్తెర పట్టిన ఎలకలా ఉందే. మూల దగ్గర ఎంత నీటుగా కోసిందో."

ఆడపడుచు నవ్వలేదు. "వదినా, అన్నయ్య ఏరికోరి కొన్న ఇల్లు. నన్ను నమ్మించి సంతకం పెట్టించాడు. ఆ రబ్బరేం చేశావు?"

మిషనమ్మ మిషను సొరుగు లాగి, చుట్టగా చుట్టి దాచిన పట్టీ తీసి బల్ల మీద పెట్టింది.

"వినపడలేదు" అంది.

"ఏంటి వినపడనిది?"

"పెరట్లోంచి మీ అన్నయ్య పిలిస్తే నాకు వినపడలేదు. ఇప్పుడెవరు పిలిచినా వినపడాలని తీసేశాను."

ఫ్యాను చూసొస్తానంటూ ఇంజనీరు అవతలికి వెళ్లిపోయాడు.

"నోట మాట లేకుండా పోయాడన్నావు" అంది ఆడపడుచు.

"అన్నాను."

"వదినా, ఎంతసేపు పిలిచాడు?"

మిషనమ్మ బల్ల మీది పట్టీ చుట్ట విప్పడం మొదలుపెట్టింది. ఆడపడుచు పట్టీ కొస అందుకుంది. "నేనిటు పట్టుకుంటాను. నువ్వు అటునుంచి నొక్కుతూ రా" అంది. ఇద్దరూ చట్రం చుట్టూ గాడిలోకి పట్టీని నొక్కారు.

మళ్లీ ఫ్యాను తిరిగింది. ఈల లేదు. "పాసయిందమ్మా. వాయిదా తగ్గుతుంది" అన్నాడు ఇంజనీరు. మిషనమ్మకు గుండెల మీది బరువు దిగినట్టయింది. ఆ వెంటనే, దిగినందుకు తన మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆడపడుచు పెరట్లో కుళాయి దగ్గర మొహం కడుక్కుంది. తన అన్న పడిపోయిన చోటే నిలబడి కిటికీ వైపు తిరిగింది. పెదవులు కదిలాయి. లోపలికి ఏమీ వినపడలేదు.

మిషనమ్మ కంగారుగా కిటికీ తెరిచింది. "ఏమన్నావు?"

"ఏం లేదు. తువ్వాలు ఇమ్మన్నాను."

ఆమె కిటికీలోంచే తువ్వాలు అందించింది. ఆడపడుచు మొహం తుడుచుకుని, వదిన వైపు చూడకుండానే తిరిగి ఇచ్చేసింది.