బక్కయ్య చూసొచ్చిన మిడిల్ బడి

కొడుకు మిడిల్ బడిలో చదువుతున్నాడని బక్కయ్య ఊళ్లో ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకునే రోజులా అవి? నిజాం రాజ్యం, ఊళ్లో పటేల్ పెత్తనం, పైన కోటలాంటి దొర గడి. మాదిగవాడి కొడుకు పలక పట్టాడని తెలిస్తే ఆ పలక పగలగొట్టేదాకా వాళ్లకు నిద్ర పట్టేది కాదు. అందుకే పటేల్ ఎప్పుడు అడిగినా "పోరడు మేనమామ ఇంటికాడ గొడ్లు కాస్తాండు, బాంచెన్" అని అబద్ధమాడేవాడు. అబద్ధం ఆయనకు చేతనైన పని కాదు, మాట తడబడేది. అయినా ఆడేవాడు.

మోత్కూర్ దాపున ఒక చిన్న ఊరు వాళ్లది. ఊరికి ఎడంగా గూడెం, గూడెం చివర తోళ్లు నానబెట్టే లంద. బక్కయ్య పుట్టింది ఆ కంపులోనే, బతికిందీ ఆ కంపులోనే. పటేల్ కొట్టంలో ఎద్దు చచ్చినా, గడిలో బర్రె చచ్చినా మోసుకొచ్చేది ఆయనే. తోలు ఒలిచి, సున్నంలో వేసి వెంట్రుకలు రాల్చి, తంగేడు చెక్క పోసి నానబెట్టి, మోట బొక్కెనలు, వార్లు, చెప్పులు చేసిచ్చేదీ ఆయనే. ఎంతకిచ్చాడని మాత్రం అడగకండి. అది వెట్టి! "మంచిగ చేసినవురా" అన్న ఒట్టి మాట కూడా దక్కేది కాదు. ఆలస్యమైతే వీపు మీద దెబ్బ మాత్రం ఠంచనుగా దక్కేది.

సోమన్న ఒక్కడే కొడుకు. వాడు పుట్టిన నాడే బక్కయ్య ఒట్టు పెట్టుకున్నాడు, వీడు లందలో చెయ్యి పెట్టకూడదని. ఆ మాట వింటే పెళ్లాం సైదమ్మకు నవ్వొచ్చింది.

"లందల చెయ్యి పెట్టకుంట ఏం జేస్తడు? నల్లగొండకు తాసీల్దారయితడా?"

"అయితడేమో, నీకెర్కనా?" అని కసిరాడు బక్కయ్య.

గూడేనికి ప్రార్థన చెప్పడానికి వచ్చే పాస్టరు సోమన్నకు అక్షరాలు దిద్దించాడు. నాలుగు తరగతుల చదువు అట్లా గుడిసె నీడలోనే గడిచింది. అంతలో గడి నుంచి కబురొచ్చింది, పోరడు ఎదిగాడు కదా, పనికి తోలమని. బక్కయ్య పరుగెత్తి పాస్టరు ముందు కూలబడ్డాడు.

"రామన్నపేటకు అవుతల మిషన్ వాళ్ల మిడిల్ బడి ఉంది బక్కయ్యా" అన్నాడు పాస్టరు. "అయిదు నుంచి ఏడు దాంక. తినుడు, పండుడు ఆడ్నే. ఉర్దూ, ఇంగ్లీషు, లెక్కలు, కసరత్తు, చేతిపనులు, అన్నీ నేర్పుతరు. మంచిగ పాసైతే హైదరాబాదుల పెద్ద బడికి వాళ్లే తోలుతరు."

బక్కయ్య ఇంకో మాట అడగలేదు. చేతిపనులు అంటే ఏమిటని అడిగి ఉంటే బాగుండేది. కానీ హైదరాబాదు అన్న మాట చెవిన పడ్డాక మిగతాది ఆయనకు వినిపిస్తేనా! తెల్లారకముందే కొడుకును వెంటబెట్టుకుని పోయి అప్పజెప్పి వచ్చాడు.

ఏడాది తిరిగి వస్తుండగా పాస్టరు కబురు తెచ్చాడు. సెలవులకు ముందు ఒక రోజు తల్లిదండ్రులు వచ్చి పిల్లలు నేర్చుకున్నవన్నీ చూడవచ్చట. సైదమ్మకు పటేల్ చేలో వెట్టి తప్పలేదు. జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం మూటగట్టి మొగుడి చేతికిచ్చి, "పోరడు బక్కగయిండేమో సూడు" అని మరీ మరీ చెప్పి పొలానికి పోయింది.

పొద్దెక్కేసరికి బక్కయ్య బడి చేరాడు. చేరాడే గానీ ఆ లోపల జరుగుతున్నది చూసి నోరు తెరిచి నిలబడిపోయాడు. బడి అంటే పిల్లలు చేతులు కట్టుకుని కూచోవాలి, పంతులు బెత్తం ఝళిపించాలి. ఇక్కడేమో ఒక గుంపు వంకాయ మళ్లకు నీళ్లు కడుతోంది. ఇంకో గుంపు లాగులు వేసుకుని, చేతులు పైకెత్తి, కిందికి దించి, ఈల కొట్టగానే గెంతుతోంది. చింతచెట్టు కింద తురక మాస్టరు ఒకాయన ఉర్దూ చెబుతుంటే పిల్లలు గొంతెత్తి అంటున్నారు. ఒక వసారాలో పిల్లలు కర్రకు చిత్రిక పడుతున్నారు.

"గిదేం బడి! పిచ్చి లేసిందా వీళ్లకు?" అనుకున్నాడు బక్కయ్య. అయినా లోలోపల మురిసిపోయాడు. తన కొడుకు వీటిలో ఏ గుంపులో ఉన్నాడోనని వెతుక్కుంటూ పెరటివైపు నడిచాడు.

అప్పుడు తగిలింది ముక్కుకు ఆ వాసన. పొరబడే వాసన కాదది. కళ్లు మూసుకున్నా, జ్వరంలో ఉన్నా గుర్తుపడతాడు. తంగేడు చెక్కలో నానిన తోలు.

పెరట్లో రేకుల పాక. పాకలో పిల్లలు వరసగా కూచుని ఉన్నారు. ముందు వరసలో సోమన్న! కాళ్ల మధ్య తోలుముక్క, చేతిలో తోలు కోసే కత్తి. నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని వంగి కోస్తున్నాడు. అచ్చం బక్కయ్య కూచున్నట్టే, బక్కయ్య తండ్రి కూచున్నట్టే.

బక్కయ్య చేతిలో రొట్టెల మూట జారి కింద పడింది. తర్వాత ఒళ్లంతా భగ్గున మండింది.

"లేవురా!" అని అరిచాడు. పాక మొత్తం ఉలిక్కిపడింది. "లేవు! ఆ కత్తి కింద పారెయ్! పటేల్ ముందర నెలనెలా అబద్ధమాడుకుంట నిన్ను ఈడికి తోలింది గిందుకేనారా? గీ పని నేర్సుకోనీకె బడి కావాల్నా? నేను సచ్చిన్ననా నేర్పనీకె?"

"నాయినా..." అని సోమన్న బిత్తరపోయాడు.

"నాయినా లేదు గీయినా లేదు. నడువ్ ఇంటికి!"

చేతిపనుల పంతులు ఐలేశం అడ్డం వచ్చాడు. పొట్టి మనిషి, నిదానస్తుడు. "జర ఆగు బక్కయ్యా. గీ బడిల కర్ర కోసే వడ్ల పని, తోట పని, తోలు పని, కుట్టు పని, అన్నీ అందరు నేర్సుకోవాలె. ఎవలకు ఎవలి కులంపని అని లేదు. చేతిపనుల పాస్ కాకుంటె పై తరగతి లేదు. ఇయ్యాల గీ పిల్లలకు తోలు పనిల ఇంతిహాన్, పరీక్ష."

"కుట్టు పని నేర్పుండ్రి, వద్దన్ననా? వడ్ల పని నేర్పుండ్రి. మా మాదిగ పోరగాండ్లకు తోలు పనే దొరికిందా?"

"ఒక్క మాదిగ పోరగాండ్లకే అని ఎవలన్నరు? నీ కొడుకు పక్కకు ఎవలు కూసున్నరో సూసినవా?"

బక్కయ్య చూశాడు. ఎర్రగా, బొద్దుగా ఒక పిల్లవాడు. చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడిచి ఉన్నాయి, వేళ్లకు తంగేడు మరక. మొదట పోల్చుకోలేదు. ఎట్లా పోల్చుకుంటాడు? ఆ మొహం వైపు తలెత్తి చూస్తే కదా! పోల్చుకోగానే పై ప్రాణాలు పైనే పోయాయి. జంగారెడ్డి. తమ ఊరి పటేల్ కొడుకు.

రామన్నపేటలో మేనమామ ఇంట్లో ఉండి చదువుతున్నాడని వినడమే గానీ ఏ బడి అన్నది బక్కయ్యకు తెలియదు. తెలిసి ఉంటే ఆ ఛాయలకు వచ్చేవాడా! ఇంతకాలం తను ఆడిన అబద్ధమంతా ఈ పిల్లవాడి కళ్లముందు నిలువునా బయటపడి ఉంది. దానికి తోడు పటేల్ కొడుకు చేతిలో చచ్చిన గొడ్డు తోలు. ఆ తోలు వాడికి ముట్టించింది ఎవరంటే, పక్కన కూచున్న బక్కిగాని కొడుకనే అంటారు. గూడేనికి గూడెం తగలబెట్టడానికి ఇంకేం కావాలి?

"దొరా" అన్నాడు. రెండు చేతులూ జోడించాడు. "మీ నాయినకు... చెప్పినవా దొరా?"

"ఏం చెప్పాలె?" అన్నాడు జంగారెడ్డి. "సోమన్న ఈడున్నడని చెప్తే నేను తోలు కోస్తున్నది గూడ ఎర్కయితది. నన్ను బడి మాన్పిస్తడు. నేను చెప్పలె, సోమన్న చెప్పలె. నువ్వు చెప్పకు."

పటేల్ కొడుకు తనను బతిమాలుకుంటున్నాడు! ఇది కలా నిజమా అనుకుంటూ సోమన్న రెక్క పట్టుకున్నాడు. ఎంత తొందరగా ఇక్కడి నుంచి బయటపడితే అంత మంచిది.

ఐలేశం పంతులు వదిలితేనా! "జంగారెడ్డికి కొలత తీసేది మిగిలింది. పెద్దమనిషి కాలు కావాలె. నువ్వొచ్చినవు గద, జర కూసో" అని ఒక స్టూలు తెచ్చి వేశాడు.

"నేనా? దొరబిడ్డ కింద, నేను మీదనా? నాతోని గాదు పంతులూ."

"నాయినా, కూసో నాయినా" అన్నాడు సోమన్న. వాడి కళ్లనిండా నీళ్లు. "నువ్వు పోతె వాడు ఫెయిలయితడు. నన్ను తీస్కపోతె నేను ఫెయిలయిత."

బక్కయ్య కూచున్నాడు. కూచున్నాడని కూడా అనలేం. స్టూలు అంచున వేలాడాడు.

పటేల్ కాలికి బక్కయ్య కొలత తీసే తీరు వేరు. మాదిగవాడు ముట్టకూడదు కదా! పటేల్ ఇంటి ముందు నేల మీద బూడిద పరిచేవాడు. పటేల్ బయటికొచ్చి అందులో ఒక్క అడుగు వేసి, కాలు కడుక్కుని లోపలికి పోయేవాడు. ఆయన పోయాక బక్కయ్య వంగి, ఆ బూడిద గుర్తు మీద ఈతాకు పరిచి పొడుగు, వెడల్పు చూసుకునేవాడు. ముసలి పటేల్ నుంచి ఇప్పటి పటేల్ దాకా అందరికీ చెప్పులు కుట్టాడు, ఒక్కరి కాలూ ఆయన చేతికి తగల్లేదు.

జంగారెడ్డి ఇవేమీ ఆలోచించలేదు. కింద కాగితం పరిచాడు. రెండు చేతులతో బక్కయ్య మడమ పట్టుకుని ఎత్తి కాగితం మీద పెట్టాడు.

"బాంచెన్ దొరా! కాల్మొక్త! నా కాలు ఇడ్సు!" అని బక్కయ్య గావుకేక పెట్టాడు.

పిల్లలు గొల్లుమన్నారు. పాపం, వాళ్లకేం తెలుసు! బక్కయ్య కాలు వెనక్కి లాక్కోబోయాడు. ఆ కాలు లంద నీళ్లు తొక్కిన కాలు. ఊళ్లోకి పోతే చెప్పులు విప్పి చంకలో పెట్టుకున్న కాలు. దాన్ని ఎవరూ పట్టుకోలేదు, జ్వరమొచ్చి పడుకున్నప్పుడు సైదమ్మ తప్ప. ఆ క్షణాన ఆయనకు సంతోషమైందని రాస్తే అబద్ధం రాసినట్టే. భయం వేసింది. ఒట్టి భయం.

"కదలకు బక్కయ్యా, గీత వంకర పోతాంది" అని విసుక్కున్నాడు జంగారెడ్డి. పెన్సిలు చుట్టూ తిప్పుతూ మడమ దగ్గర ఆగాడు. "ఎన్ని పగుళ్లో! నొప్పి లేస్తలేదా?"

బక్కయ్య చూపు కొడుకు మీద ఉంది. సోమన్న పక్కనే గొంతుక్కూచుని, "ఏళ్లకాడ జర ఎక్కువ ఇడిసిపెట్టు, లేకుంటె కరుస్తది" అని పటేల్ కొడుక్కి చెబుతున్నాడు. జంగారెడ్డి "అట్లనా?" అని తలూపి, గీత చెరిపి మళ్లీ గీశాడు. వాళ్లిద్దరికీ అందులో వింతేమీ లేనట్టుంది. ఆ వింత లేకపోవడమే బక్కయ్యకు అన్నిటికంటే పెద్ద వింతయింది.

కొలత అయిపోయింది. బక్కయ్య లేచి, దుమ్ములో పడ్డ రొట్టెల మూట దులిపి సోమన్న చేతిలో పెట్టాడు. కొడుకు బెదురుగా చూశాడు. "తీస్కపోతవా నాయినా?"

"ఆ చేతులు సబ్బు పెట్టి కడుక్కో. కడిగినంకనే తిను" అన్నాడు బక్కయ్య. అంతే, వెనక్కి తిరిగి చూడకుండా గేటు దాటాడు.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. సైదమ్మ అప్పుడే పటేల్ చేలోనుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది.

"పోరడు ఎట్లున్నడు? ఏం నేర్పుతాండ్రట?"

"తోలు పని."

సైదమ్మ చేతిలో చెంబు అట్లాగే నిలిచిపోయింది. "తోలు పనా? మరి ఇడిసిపెట్టి ఎట్లొస్తివయ్యా? నీ ఒట్టు ఏడ పాయె?"

బక్కయ్య అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి జరిగిందంతా చెప్పాడు. పటేల్ కొడుకు తన కాలు పట్టుకున్న దగ్గరికి రాగానే సైదమ్మ గబుక్కున మొగుడి నోరు మూసింది. "ఊకో! ఎవలన్న ఇంటె మన గుడిసెకు అగ్గి పెడ్తరు!"

బక్కయ్య ఆమె చెయ్యి మెల్లగా తీసేశాడు. "పెట్టనియ్యే. పోరడయితె ఇండ్ల లేడు గద."

సైదమ్మ చెంబు కింద పెట్టింది. తర్వాత మొగుడి కాళ్ల దగ్గర మెల్లగా కూచుంది.

"ఏ కాలయ్యా?" అని అడిగింది.