మొప్ప ఎత్తి చూపించమన్న వరహాలమ్మ టీచరు

మొన్న బీచ్ రోడ్డులో పుస్తకాల ప్రదర్శనలో కూర్చుని ఉంటే, జాలరిపేట వైపు నుంచి ఎండు చేపల వాసన గాలితోపాటు లోపలికి వచ్చేసింది. పక్క స్టాలు వాళ్ళు ముక్కులకు రుమాళ్ళు అడ్డం పెట్టుకున్నారు. నేను మాత్రం లేచి నిలబడి, "రండి బాబూ, నేను రాసిన పుస్తకం, మా ఇంటి కథలు, చదివి నవ్వకపోతే నన్నడగండి" అని గొంతెత్తి పిలిచాను. నిర్వాహకుడు, నా చిన్నకొడుకు ఈడువాడు, పరుగున వచ్చాడు. "మేడమ్, రచయితలు ఇలా అరిస్తే బాగోదండీ" అన్నాడు. "నాకు నేర్పిన మనిషిని నువ్వు చూడలేదులే నాయనా" అన్నాను. మీరూ చూసి ఉండరు. అందుకే చెబుతున్నాను.

వరహాలమ్మ టీచరు జాలరిపేట దగ్గర బడిలో తెలుగు చెప్పేది. వాళ్ళమ్మ తెల్లారకుండానే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి, చేపలు కొని, తట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగి అమ్మి ఈవిడను చదివించింది. ఎనభైల మొదట్లో టీచరు ప్రతి ఆదివారం ఆ బడిలోనే కథలు రాసేవాళ్ళకు పాఠాలు పెట్టేది. నవ్వించడం ఎలా, ఇంటి సంగతులు రాయడం ఎలా, రాసినదాన్ని నలుగురిలోకి తీసుకెళ్ళడం ఎలా, ఇవే పాఠాలు. ఊళ్ళో పేరున్న రచయితలు "పుస్తకాల్ని చేపల్లా అమ్మడం నేర్పుతుందిట" అని వెక్కిరించేవారు. ఆవిడ లెక్కచేస్తేనా! "మా అమ్మ సేప మొప్ప ఎత్తి ఎరుపు సూపించేది. కుళ్ళిన సేపైతే ఎత్తగలదేటి? నీ కథ తాజాదైతే సిగ్గెందుకు? నువ్వే ఎత్తి సూపించు" అనేది. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు పుస్తకంలో భాష, మాతో మాత్రం ఇంట్లో భాష. ఇంకో నియమం కూడా ఉండేది. ఇంట్లో మనిషి మీద రాస్తే, ముందు ఆ మనిషికే చదివి వినిపించాలి. ఆ మనిషి నవ్వితే అది హాస్యం, లేకపోతే వెటకారం, చింపి పారెయ్యాలి.

నేనప్పుడు గాజువాక అవతల కొత్తగా లేచిన ఒక ఫ్యాక్టరీలో టైపిస్టును. మా నాన్న సన్యాసయ్య అక్కడే స్టోర్సులో హెల్పరు. ఫ్యాక్టరీకి మా పొలం పోయింది, బదులుగా ఆయనకు ఆ ఉద్యోగం వచ్చింది. ఇనప సామాను మోసేవాళ్ళు బూట్లు తొడుక్కుని తీరాలి. మా నాన్న స్టోర్సు గుమ్మం దాకా తొడుక్కుని వచ్చి, అక్కడ విప్పి చంకలో పెట్టుకుని, ఉత్తకాళ్ళతో లోపలికి వెళ్ళేవాడు. ఎంతమంది చెప్పినా అంతే. నేను దాన్ని కథ కట్టి పాఠంలో చదివితే అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. టీచరు నవ్వలేదు.

"మీ నాన్న బూట్లు ఎందుకు ఇప్పుతన్నాడు?" అంది.

"చాదస్తం, టీచర్ గారూ."

"అడిగినావేటి?"

నేను కాగితాలు మడిచి సంచిలో పెట్టుకోబోయాను.

"తెలీకుండానే రాసీసినావా? పో, అడిగి రా."

ఆ సాయంత్రమే అడిగాను. నాన్న నన్ను వింతగా చూశాడు. "ఆ స్టోర్సు షెడ్డు కట్టింది మన వరి మడిలోనే కదే అమ్మీ. మడిలోకి సెప్పులేసుకుని ఎవుడైనా దిగుతాడేటి?" అన్నాడు. మా వాళ్ళు చెప్పులు గట్టు మీద విప్పి మడిలోకి దిగుతారని నాకు తెలీక కాదు. ఆ షెడ్డు కింద మా మడి ఉందన్న సంగతే మరిచిపోయాను. అంతకన్నా సిగ్గుచేటు ఇంకొకటుంది. బూట్లు లేకుండా పని చేస్తున్నందుకు సంజాయిషీ ఇవ్వమని నాన్నకు వచ్చిన కాగితం టైపు కొట్టింది నేనే. పేరు చూసి కూడా నోరెత్తకుండా కొట్టాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మరుసటి ఆదివారం టీచరు దగ్గర ఇదంతా చెప్పి ఏడ్చాను. "ఏడుపాపి అదే రాయి. నవ్వితే నీ మీద నవ్వాల, మీ నాన్న మీద కాదు" అంది.

రాశాను. నాన్నను కూర్చోబెట్టి చదివాను. కాగితం సంగతి కూడా దాచలేదు. నాన్న విరగబడి నవ్వాడు. "ఓలమ్మో, అది నువ్వు కొట్టిందా! అందుకే, సదివి సెప్పినోడు ఒక్క తప్పు కూడా లేదన్నాడు!"

టీచరు మా చేత కథలు చదివించడానికి గ్రంథాలయం హాలు మాట్లాడింది. అన్నయ్య మండిపడ్డాడు. "ఫ్యాక్టరీలో తెలిస్తే నాన్న ఉద్యోగం, నీ ఉద్యోగం రెండూ ఊడతాయి. అంత చదవాలనుంటే కథలో పేర్లు మార్చి చదువు" అన్నాడు. ఆ మాటలో తప్పేముంది? మా ఇల్లు నడిచేది ఆ రెండు జీతాల మీదే. టీచరు కూడా ధైర్యం చెప్పలేదు. "ఉద్యోగం పోద్దో ఉంటాదో నాను సెప్పలేను. దొంగపేర్లతో సదివితే మాత్రం ఆ కాయితం మళ్ళీ కొట్టినట్టే. నీ ఇష్టం" అంది.

ఆ రోజు హాలు నిండింది. ముందు వరసలో మా ఆఫీసు హెడ్ క్లర్కు! కథలో పేర్లు మార్చేద్దామనే అనుకున్నాను. అంతలో గుమ్మంలో టకటకమని చప్పుడు. నాన్న. తెల్ల పంచె, దాని కింద తళతళలాడే ఫ్యాక్టరీ బూట్లు. నేరుగా వచ్చి హెడ్ క్లర్కు పక్కనే కూర్చుని కాళ్ళు చాపాడు. "ఇది మన మడి కాదు కదే అమ్మీ, ఏసుకుని వచ్చీసినాను" అన్నాడు, హాలంతా వినబడేలా. టీచరు పకపకా నవ్వింది.

"నా పేరు రమణమ్మ. ఇది మా నాన్న సన్యాసయ్య కథ. ఆయనకు సంజాయిషీ కాగితం కొట్టింది నేనే" అని మొదలుపెట్టాను.

ఉద్యోగాలు పోలేదు. పోయినా చదివేదాన్నే. టీచరు ఇప్పుడు లేదు, నాన్నా లేడు. నేను ఈనాటికీ చెప్పులు విప్పే రాయడానికి కూర్చుంటాను, అది నా మడి కాబట్టి. అమ్మడానికి బయటికి వచ్చినప్పుడు మాత్రం తొడుక్కునే నిలబడతాను. ఆ నిర్వాహకుడు నా స్టాలు ముందు ఇంకా మొహమాటంగా నిలబడే ఉన్నాడు. అతని చేతిలో పుస్తకం పెట్టి, మొప్ప ఎత్తినట్టు మొదటి పేజీ తీసి చూపించి, ఈసారి ఇంకాస్త గట్టిగా పిలిచాను.