యుమ్మ నల్ల గుడారం

"యుమ్మ పోయిందక్కా" అన్నాడు ఫోన్లో, ఖతార్‌లో నేను పనిచేసే ఇంటి డ్రైవర్.

నాకు ఒళ్ళు మండింది. "నేను రాకముందేనా? నేనొచ్చినాకే పోదామని నా చెయ్యి పట్టుకోని చెప్పింది కదా! ఆ గుడారం ఇంగా కుట్టడమే కాలేదు, ఎట్ల పోయింది? ఎవురు తీసకపోయినారు?" అని గట్టిగా అరిచినా. మా ఊరి ఎస్టీడీ బూత్ అది. బయట వంతు కోసం నిలబడినోళ్ళు కూడా తిరిగి చూసినారు. ఆ తమ్ముడు ఏడుస్తా, "గుడారానికి కాదక్కా" అన్నాడు.

చదివేవాళ్ళకు నవ్వొస్తే నవ్వుకోండి, తప్పులేదు. మన మాటలో ఊరికి పోయినా పోవడమే, పానం పోయినా పోవడమే. చలికాలం మొదలయ్యే ఆ వారాల్లో ఆ ఇంట్లో "యుమ్మ పోయిందా?" అంటే ఎడారికి పోయిందా అనే. అన్నేండ్లూ నా చెవులకు ఆ మాటకు ఇంకో అర్థం లేదు. ఇప్పుడుంది. దాన్ని మోసుకోలేకనే ఇది రాస్తా ఉండా.

ఖతార్‌లో అల్ వుకైర్ కాడ ఒక ఇంట్లో నేను వంటమనిషిని. మాది రాయచోటి పక్క పల్లె, గొర్రెల కాపర్ల ఇల్లు. కువైట్ యుద్ధం అయిపోయిన మరుసటేడు పోయినా. ఆ ఇంటి పెద్దావిడే యుమ్మ, ముగ్గురు కొడుకుల తల్లి. యుమ్మ అంటే వాళ్ళ భాషలో అమ్మ. అది నాకు మొదటిరోజు తెలీదు. వంటింట్లో ఉల్లిగడ్డలు తరుగుతా ఉంటే లోపల నుంచి ఒక మగగొంతు "యుమ్మా" అని పిలిచింది. నాకు "అమ్మా" అని వినపడింది. ఓరి దేవుడా, ఈ ఇంట్లో మనోళ్ళు ఉండారే అని చెయ్యి కూడా కడుక్కోకుండా ఉరికినా. చూస్తే ఆరడుగుల అరబ్బాయన, ఒక ముసలామె కాళ్ళ కాడ కూర్చోని ఉండాడు. నా మొగం మాడిపోయింది. ఆ ముసలామె "తాలీ" అంది, ఇట్ల రా అని. పక్కన కూర్చోబెట్టుకోని, ఎందుకు పరిగెత్తొచ్చినావని సైగ చేసింది. నేను గుండె మీద చెయ్యి పెట్టుకోని "అమ్మ, అమ్మ" అన్నా. ఆయమ్మకు అర్థమైపోయింది. ముందు పండ్లు లేని నోటితో పకపకా నవ్వి, "నేనే, నేనే" అన్నట్టు తన రొమ్ము మీద తట్టుకుంది. ఆ పూట కూరలో ఉప్పెంత వేసినానో నాకే తెలీదు, ఎవురూ ఏమీ అనలేదు.

మా పక్క జనాలకు గల్ఫ్ అంతా కువైటే. "కువైట్లో చలేందే" అని మా అత్త నేను మడిచి పెట్టుకున్న దుప్పటి కూడా పెట్టెలోంచి తీసేసింది. ఆ ఏడు, చలికాలంలో వాళ్ళు ఎడారిలో వేసుకునే గుడారంలో మొదటి తెల్లారి నా పండ్లు టకటకా కొట్టుకుంటా ఉంటే యుమ్మ తన మీదుండే గొర్రెతోలు కోటు తీసి నా మీద కప్పింది. "మరి నీకో?" అంటే, నాకు అలవాటని చెయ్యి ఊపింది. తర్వాత తర్వాత నాకు అరబ్బీ ముక్కలు వచ్చినాక ఆయమ్మ ఎప్పుడూ అనేమాట తెలిసింది. "ఎండ ఇంటి మనిషి, ఎట్లాగూ ఉంటుంది. చలి చుట్టం. వచ్చినన్నాళ్ళు మర్యాదగా చూసుకోవాల." అందుకే ఆ చుట్టం రాకముందే ఇల్లంతా తలకిందులు చేసేది.

ఎండలు ఇంగా మాడుస్తా ఉండంగానే, ఒకనాటి తెల్లారుజామున నన్ను లేపి మిద్దె మీదికి తీసకపోయేది. దక్షిణాన కిందుగా ఒక చుక్క. "సుహైల్" అనేది. మా నాయన దాన్నే అగస్త్యుడు అనేవాడు, అది పొడిస్తే వాగుల్లో నీళ్ళు తేరుకుంటాయని చెప్పేవాడు. ఆ మాట చెప్తే, "మీ నాయనకు కూడా తెలుసా!" అని ఆయమ్మకు ఎంత సంతోషమో, నేనేదో వాళ్ళ చుట్టాల పేరు చెప్పినట్టు. చుక్క కనపడిన రోజు నుంచి లెక్కలు మొదలు. కట్టెలు ఎవురు తేవాల, నీళ్ళ ట్యాంకర్ ఎవురు చూడాల, కాఫీ గింజలు ఎన్ని వేయించాల, మనవళ్ళకు బడి సెలవులు ఎప్పుడు, వాన పడితే నీళ్ళు నిలవని తావు ఏది. కొడుకులు "యుమ్మా, ఇంగా ఏసీలే ఆపలేదు" అని నవ్వితే, "గమ్మునుండు" అనేది. అవును, తెలుగులోనే. తర్వాత పనికి చేరిన తెలుగు డ్రైవర్ని నేను అరవంగ అరవంగ నేర్చుకుంది. ఆఫీసులో పదిమందిని నిలబెట్టి మాట్లాడే పెద్ద కొడుకు కూడా ఆ మాటకు నోరు మూసుకునేవాడు.

మెసయీద్ అనే ఊరు దాటినాక ఇసకలో మా తావు. దూరంగా ఫ్యాక్టరీల మంటలు కనపడేవి. కొడుకులవి తెల్ల గుడారాలు, జనరేటరు, టీవీ, అన్నీ. నడుమ యుమ్మది మాత్రం మేక వెంట్రుకల నల్ల గుడారం, వాళ్ళ అమ్మ నేసింది. కొత్తది కొనిస్తామంటే ఒప్పుకునేది కాదు. తెల్ల గుడారాలు ఎంత బాగున్నా అందరూ వచ్చి దాంట్లోనే పడేవాళ్ళు. కొడుకులు, కోడండ్లు, పిల్లలు, ఒకరి కాళ్ళు ఒకరి మీద. "ఆ ఇంట్లో నా బిడ్డల్ని చూడాలంటే నాలుగు తలుపులు కొట్టాల. ఈడ పక్కకు తిరిగితే చాలు" అనేది నాతో. ఏడాదంతా ఆయమ్మ బతికేది ఆ రెండు నెలల కోసమే. మిగతా పది నెలలు ఆ పెద్దింట్లో ఏదో ఊపిరి తీసుకునేది, అంతే.

ఆ గుడ్డను తొలిసారి ముట్టుకోగానే, "ఇది మేక, ఇది గొర్రె కలిపినారు" అన్నా. మా మామ కంబళ్ళు నేస్తాడు, నేను చిన్నప్పటి నుంచి ఉన్ని వడికినదాన్ని. ఆయమ్మ నా వేళ్ళు పట్టుకోని తిప్పి తిప్పి చూసింది. తర్వాత సెలవుకు పోయినప్పుడు మా ఇంటి కదురు తెచ్చినా. బొంబాయి ఎయిర్‌పోర్ట్‌లో ఆఫీసరు దాన్ని బయటికి తీసి, "ఇదేంది, ఎవర్ని పొడవడానికి?" అన్నాడు. నేను ఆడనే ఇంత ఉన్ని తీసి వడికి చూపించినా. అంతే, పో పొమ్మన్నాడు. అప్పటి నుంచి ఎండాకాలాలు మాకు ఇట్టే గడిచిపోయేవి. ఏసీ గదిలో కూర్చోని ఆయమ్మ వడికేది, నేను వడికేదాన్ని. ఇద్దరం పోట్లాడుకునేవాళ్ళం, నీ దారం లావు, నీ దారం సన్నం అని. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నన్ను కూర్చోబెట్టి తప్పు పట్టిన ఆడమనిషి ఆయమ్మ ఒక్కతే. తిట్టించుకోవడం ఇంత బాగుంటుందని నాకు అప్పుడే తెలిసింది.

పోయిన ఎండాకాలంలో ఆయమ్మ కాళ్ళు నీరు పట్టినాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. డాక్టరు దుమ్ము పనికిరాదన్నాడు, చలి పనికిరాదన్నాడు. కొడుకులు ముగ్గురూ కూర్చోని, ఈ ఏడు గుడారం మాఫీ, లేదు గాక లేదు అన్నారు. ఆ పూట అన్నం ముందర పెడితే ఆయమ్మ పక్కకు నెట్టింది. మరుసటి పూటా అంతే. నాకు భయమేసి పెద్ద కొడుకు కాడికి పోయి, "యుమ్మకు అన్నం వద్దంట, గుడారం కావాలంట" అని చెప్పినా. ఆయన తల పట్టుకోని కూర్చున్నాడు. చివరికి, ఒక్క వారం, గాలి లేని వారం చూసి తీసకపోతానని ఒప్పుకున్నాడు. "ఒక్క వారమా!" అని గొణుక్కుంటానే ఆయమ్మ గిన్నె దగ్గరికి లాక్కుంది.

గుడారం బయటికి తీస్తే నడుమ పట్టీని ఎలకలు కొట్టేసినాయి. మేము వడికిన దారంతో కొత్త పట్టీ నేయించినాం. ఇంగ దాన్ని అతకాల. చెరొక కొన పట్టుకోని, చెరొక దబ్బనంతో కుట్టుకుంటా వచ్చి నడుమ కలుసుకోవాలని అనుకున్నాం. జానెడు జానెడు కుట్టినామో లేదో, మా ఇంటి నుంచి కబురు. నా బిడ్డకు తొలికాన్పు, రమ్మని.

నా పానం రెండు తావుల్లో కొట్టుకుంది. అడగలేకపోయినా. ఆయమ్మే అడిగింది. "మొగమేంది అట్లుంది?" చెప్పినా.

"పో" అంది.

"మరి గుడారం?"

"గుడారం ఏడాదేడాదికీ ఉంటుంది. తొలికాన్పు ఒక్కసారే. బిడ్డకు తల్లి ఉండాల కదా." నేను ఏడుస్తా ఉంటే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నువ్వొచ్చినాకే పోదాం. నువ్వు లేకపోతే ఆడ నాతో పోట్లాడేదెవురు?"

మనవరాలు పుట్టింది. పచ్చగా, ముద్దుగా ఉంది. పురుడు పోసుకున్నాం, పేరు పెట్టుకున్నాం. తిరుగు టికెట్ పెట్టెలో పెట్టుకోని, యుమ్మకని నువ్వుండలు కట్టి డబ్బాకు పోసినా. ఇంగ వారంలో బయలుదేరాల. అప్పుడొచ్చింది ఆ ఫోన్.

డ్రైవర్ తమ్ముడు చెప్పినాడు. నడుమ ఒకసారి గాలి లేని రోజులు వస్తే కొడుకులు అన్నీ సర్దినారంట. బండ్లు ఇంటి ముందర నిలబెట్టి, ఆయమ్మను కుర్చీతో సహా ఎత్తుకోని తెచ్చినారంట. బండి కాడికి వచ్చినాక ఎక్కనంది. "అది రానీ" అందంట నా గురించి. ఎంత బతిమాలినా అదే మాట. కొడుకులు నవ్వుకుంటా, విసుక్కుంటా మళ్ళీ సామాన్లు దించినారు. ఆ తర్వాత గాలి లేచింది. ఆయాసం ఎక్కువైంది. ఆస్పత్రిలో పోయింది, నాలుగు గోడల మధ్య, మంచం మీద. వాళ్ళ పద్ధతి ప్రకారం ఆ పొద్దే మట్టి చేసినారు.

ఏడ్వనీకి కూడా నాకు తావు లేకపోయింది. "బాలింత ఇంట్లో ఏడుపేందే? ఎవురో అరబ్బు ముసలామె కోసం" అంది మా అత్త. ఆమె తప్పు కాదు, ఆమెకేం తెలుసు. గొర్రెల దొడ్డి వెనక్కి పోయి, చెంగు నోట్లో కుక్కుకోని ఏడ్చినా. నన్ను పంపకుండా ఉంటే, ఆయమ్మ తన వారం తాను ఇసకలో గడిపి పోయేది కదా. నా బిడ్డకు తల్లిని పంపించి, ఆయమ్మ తన చలికాలాన్ని వదులుకుంది. ఈ బాకీ ఎవురికి తీర్చాల నేను?

వుకైర్‌కు తిరిగి వచ్చినా. గడపలో మేడం, పెద్ద కోడలు, నన్ను పట్టుకోని ఏడ్చింది. తర్వాత యుమ్మ గదిలోకి తీసకపోయి గుడారం మూట చూపించింది. విప్పినా. రెండు పక్కల కుట్లూ మేము వదిలిన కాడనే ఉంటాయి అనుకున్నా. లేదు. ఆయమ్మ కుట్టు నడుమకు వచ్చి, నడుమ దాటి, నా సగంలోకి వచ్చేసింది. వంకరటింకరగా, ఒక కుట్టు చిన్నది, ఒక కుట్టు పెద్దది. రోజూ నమాజు అయినాక కూర్చోని కుట్టేదంట, ఆయాసపడుకుంటా. నా కుట్టుకు జానెడు దూరంలో దబ్బనం గుచ్చి ఆపేసింది.

"ఆ కాస్త నేను కుడతానంటే నా చెయ్యి మీద కొట్టింది" అంది మేడం. "అది ఆ పిల్లది, ముట్టుకోవద్దు అంది."

నేను దబ్బనం పట్టుకోని కూర్చున్నా. శానాసేపు కూర్చున్నా. ఒక్క కుట్టు కూడా వెయ్యలేకపోయినా. అది వేస్తే ఇంగ ఆయమ్మకు నాకు మధ్య పని అయిపోయినట్టే, ఖలాస్. ఇంతలో పెద్ద కొడుకు వచ్చి గడపలో నిలబడినాడు. గడ్డం మాసిపోయి, పదేండ్లు ముసలోడైపోయినట్టు ఉన్నాడు. నా చేతిలోంచి దబ్బనం తీసుకోని, ఆ తావును వేలితో తడిమి చూసినాడు. "ఉండనీ" అన్నాడు. "యల్లా, పోదాం. సామాన్లు సర్దు."

అందరం పోయినాం. తెల్ల గుడారాలు వెయ్యలేదు. జనరేటరు తేలేదు. నల్ల గుడారం ఒక్కటే నిలబెట్టినాం, అందరం దాంట్లోనే పండుకున్నాం. ఆ జానెడు సందులోంచి గాలి సూదిమాదిరి దిగుతా ఉంటే పిల్లలు చలి చలి అని అటూ ఇటూ జరిగినారు. పెద్ద కొడుకు లేచి తన పరుపు ఈడ్చుకోనొచ్చి, సరిగ్గా ఆ సందు కింద వేసుకోని, వెల్లకిలా పడుకున్నాడు.

తెల్లారుజామున వాన మొదలైంది. టీకి నీళ్ళు పెట్టాలని లేచినా. తడికి వెంట్రుక ఉబ్బి గుడారంలో ఇంకెక్కడా చుక్క కారలేదు. ఆ సందులోంచి మాత్రం చినుకులు ఆయన నుదుటి మీద, మూసిన కండ్ల మీద ఒక్కొక్కటే పడతా ఉన్నాయి. ఆయన మేలుకునే ఉన్నాడు. పక్కకు జరగలేదు.