రాని మనిషి వాటా

నా చిన్నప్పుడు మా పల్లెలో పన్నెండుమంది కలిసి ఒడ్డు నుంచి పెద్ద వల లాగేవారు. పడిన చేపలను సమానంగా కుప్పలు పెట్టడం మా తాత పని. బడికి పోకముందే నాకు వేళ్ల మీద లెక్కలు వచ్చేశాయని, ఒకరోజు ఆ పని నాకిచ్చాడు. ఎనిమిదేళ్లదాన్ని. వల దగ్గరున్న తలలు లెక్కపెట్టి, పదకొండు కుప్పలు పెట్టాను. దేనిలోనూ ఎక్కువ తక్కువ లేదు. మెచ్చుకుంటారని నిలబడ్డాను.

మా తాత చేత్తో కుప్పలన్నీ కలిపేశాడు.

"ఎంతమందికి పెట్టినావు మే?"

"వచ్చినోళ్లందరికీ."

"పక్కింటి మామ జొరంతో పండుకోనుండాడే! ఆయన బిడ్డలు తినొద్దా? ఆయనది ముందు పెట్టు. వచ్చినోడు అడిగి తీసుకుంటాడు. రానోడు ఎట్టా అడగతాడు?"

మళ్లీ పెట్టాను, పన్నెండు. కుప్పలు కాస్త చిన్నవయ్యాయి. ఎవరి కుప్ప వాళ్లు గంపకెత్తుకున్నారు.

పెద్దయ్యాక, సముద్రం పక్కన ఒక హోటల్లో సరుకుల గది లెక్కలు రాసే పని దొరికింది. మొత్తం ముప్పైమందిమి. కరోనాకు హోటల్ మూతపడింది. మళ్లీ తెరిచే ముందు యజమాని నన్ను పిలిచి, కబురు పెట్టగానే రానివాళ్ల పేర్లు కొట్టేయమన్నాడు. ఎలా వస్తారు? బస్సులు సరిగా తిరగడం లేదు. గూడూరు నుంచి వచ్చే వంటమనిషి నడిచి రావాలా? అంట్లు తోమే అక్క ఆ జబ్బుతోనే ఆస్పత్రిలో ఉంది.

నేను ముప్పై పేర్లూ రాసిచ్చాను. వంతులవారీగా వస్తే అందరికీ కొన్ని రోజులైనా పని దక్కుతుందని లెక్క కట్టి చూపించాను. మొదటి పేరు అక్కదే.

"ఏందమ్మా, మీ పల్లెలో చేపలు పంచుతుండావా?" అని నవ్వాడు. అక్క పేరు మీద గీత గీస్తూ, "ఇంతకీ ఈమెవురు?" అన్నాడు.

పదేళ్లుగా ఆయన వంటింట్లో వంగిన నడుము ఆమెది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

"మీరు పదేళ్లుగా తింటుండే పళ్లేలు తోమినామె సార్" అన్నాను.

ఇరవై మూడు పేర్లు కొట్టేశాడు. ఇరవై నాలుగో గీత నా పేరు మీద పడింది.

అక్క బతికి ఇంటికొచ్చింది. పని పోయిందన్న సంగతి ఆమెకు నేనే చెప్పాను. యజమాని ఆ కబురు కూడా పంపలేదు.

ఇప్పుడు ఇద్దరం రొయ్యలు వలిచే షెడ్డులో ఉన్నాం. హాజరు రాయడం నా పని. ఎవరైనా రాకపోతే పేరు కొట్టేయమని మేస్త్రీ తొందరపెడతాడు. వాళ్లింటికి పోయి, ఎందుకు రాలేదో కనుక్కుని వచ్చాకే నేను పుస్తకం తెరుస్తాను.